ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ల్యాబ్‌లో నా పని ఎలుకల మాక్రోఫేజ్‌లతో. ఒంట్లో కాపలా తిరిగే తెల్లకణాలివి. వాటికి కోపం తెప్పించి, ఏ సిగ్నల్ ఎంత విడుదల చేశాయో కొలుస్తాను. ఊళ్లో మాత్రం నన్ను ఇమ్యూనిటీ డాక్టర్ అంటారు. నాది పీహెచ్‌డీ మాత్రమే, మందులు రాయను అని చెప్పినా ప్రశ్నలు ఆగవు.

అపోహ: ఇమ్యూనిటీ పెంచుకుంటే క్యాన్సర్ దరిదాపులకు రాదు

మా పెద్దమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు వంగవు, జాకెట్ హుక్స్ కోడలు పెట్టాలి. కరోనా రోజుల్లో ఫోన్ చేసి, "ఇమ్యూనిటీ పెంచే పొడి వచ్చిందట, తెప్పించుకోనా నాన్నా?" అంది. "పెద్దమ్మా, నీ ఇమ్యూనిటీ నీ కీళ్ల మీదే పడటం వల్ల వచ్చిన జబ్బు నీది. వారానికోసారి వేసుకునే మాత్ర దాన్ని తగ్గించడానికే" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి టీవీలో అలా చెబుతారేం?" అంది.

రోగనిరోధక వ్యవస్థను పెంచడానికి ఒకే మీట అంటూ లేదు. పొమ్మనే సిగ్నళ్లూ ఉంటాయి, ఆగమనేవీ ఉంటాయి. చాలా క్యాన్సర్లు ఆగమనే సిగ్నల్‌ను వాడుకునే బతికిపోతాయి. జేమ్స్ అలిసన్, తసుకు హోంజో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ బ్రేకును తీయొచ్చని చూపించారు, 2018లో నోబెల్ అందుకున్నారు. ఆ బ్రేకును తీసే మందులతో కొందరికి పేగులు వాస్తాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. పొడులు నిజంగా ఆ పని చేసి ఉంటే, ఈపాటికి ఇంటికొకరు విరేచనాలతో ఆస్పత్రిలో ఉండేవారు.

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ (వాపు) విషం లాంటిది, ఎంత అణిస్తే అంత మేలు

ఇందులో సగం నిజముంది, అందుకే దీన్ని తీసేయడం కష్టం. క్యాన్సర్ గడ్డల్లో తెల్లకణాలున్నాయని 1863లోనే జర్మన్ డాక్టర్ విర్కో గమనించాడు. హెపటైటిస్-బి ఏళ్ల తరబడి లివర్‌ను వాపుతో ఉంచి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పు కొస లోపలికి పెట్టి కాలుస్తారు, అడ్డపొగ అంటారు. వాళ్ల అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. పొగ డీఎన్‌ఏను చెడగొడితే, మానని వాపు ఆ చెడిన కణాలకు "చావకండి, పెరగండి" అని సిగ్నల్ పంపుతూ ఉంటుంది.

మరి వాపును పూర్తిగా ఆపేస్తే? దీనికి జవాబు ఎలుకల్లో దొరికింది. కొత్తగూడెం నుంచి వచ్చి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్‌లో ల్యాబ్ నడుపుతున్న కన్నెగంటి తిరుమలాదేవి గారి బృందం 2010లో చూపించింది. ప్రమాదాన్ని పసిగట్టి అలారం మోగించే ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అనే ప్రొటీన్ లేని ఎలుకల్లో పేగు వాపు తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. తగ్గకపోగా పేగు ఇంకా పాడైంది, గడ్డలూ ఎక్కువొచ్చాయి. అలారం మోగకపోతే ఐఎల్-18 అనే సిగ్నల్ ప్రొటీన్ సరిగా తయారవదు, పేగు లోపలి పొర మళ్లీ అతుక్కోదు.

మనుషుల్లో 2017లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలొచ్చాయి. పదివేలకు పైగా గుండె రోగుల్లో వాపును రగిల్చే ఐఎల్-1 బీటా అనే సిగ్నల్‌ను అడ్డుకునే కనాకినుమాబ్ అనే మందు వాడితే లంగ్ క్యాన్సర్లు తగ్గాయి. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. తర్వాత లంగ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకే ఆ మందు ఇచ్చి చూస్తే అనుకున్న ఫలితం రాలేదు. ఒంట్లో వాపు అంతా పోవాలని రోజూ నొప్పి మాత్ర మింగేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను. వాళ్ల కిడ్నీల సంగతి వేరే.

అపోహ: చచ్చిన కణం ఎలా చస్తేనేం?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. మాక్రోఫేజ్‌లకు ముందు బ్యాక్టీరియా గోడ ముక్కలు వేసి, నాలుగు గంటలాగి నైజరిసిన్ అనే విషపదార్థం వేస్తాను. అరగంటకు మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలు నూనెలో పూరీల్లా ఉబ్బి ఉంటాయి. గాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్ వాటి పొరకు చిల్లులు పొడుస్తుంది, లోపలి ఐఎల్-1 బీటా బయటికొస్తుంది. ఇది పైరాప్టోసిస్, చస్తూ చుట్టుపక్కల వాళ్లందరినీ లేపే చావు. అపాప్టోసిస్ అలా కాదు. కణం కుంచించుకుని ముక్కలవుతుంది, పక్కవాళ్లు సద్దు లేకుండా మింగేస్తారు.

ఇవి రెండూ, కణం పగిలి చచ్చే మరో తీరైన నెక్రాప్టోసిస్‌తో కలిపి మూడూ, ఒకదానితో ఒకటి ముడిపడి జరిగే తీరుకు తిరుమలాదేవి గారి బృందం 2019లో పానాప్టోసిస్ అని పేరు పెట్టింది. కరోనాలో పెరిగే సైటోకైన్లను, అంటే కణాలు విడుదల చేసే సిగ్నల్ ప్రొటీన్లను, పరీక్షిస్తే వాటిలో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా అనేవి జంటగా ఉన్నప్పుడు కణాలు ఇలా చచ్చాయి. ఆ జంటను ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలే చనిపోయాయి. అదే జంటను ఎలుకల్లో పెంచిన గడ్డలోకి నేరుగా ఇస్తే గడ్డ పెరుగుదల తగ్గింది. ఎలుకల్లో అని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే ఫార్వర్డ్‌లలో మొదట ఎగిరిపోయేది ఆ మాటే.

అపోహ: సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెరిగిందంటే క్యాన్సరే

పంటికి చీము పట్టినా పెరుగుతుంది. ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడొద్దు.

అపోహ: పసుపు ఉండగా మందులెందుకు?

ల్యాబ్ గిన్నెలోని కణాల మీద పసుపులోని కర్కుమిన్ చాలానే చేస్తుంది. కొన్ని పరీక్షల్లో తన సొంత రంగుతోనే లెక్క తప్పిస్తుంది కూడా. మింగితే రక్తంలోకి చేరేది బహు తక్కువ. పప్పులో చిటికెడు వేసుకోండి. కీమో నడుస్తున్నవాళ్లు మాత్రం కర్కుమిన్ క్యాప్సూల్ డబ్బాను తీసుకెళ్లి ముందు మీ డాక్టరుకు చూపించండి.