సుంకి ఘాట్‌లో బండి లైటు

ఒడిశాలోని సెమిలిగూడ నుంచి పొట్టంగి మీదుగా ఆంధ్రలోని సాలూరు వెళ్ళే రోడ్డులో సుంకి దాటాక దిగుడూ మలుపులూ మొదలవుతాయి. పని మీద ఆ ఘాట్‌లో రాత్రిపూట తరచూ మోటారుసైకిలు నడుపుతాను. అక్కడ నాకు లారీల కంటే రోడ్డు మీద పడుకున్న గేదె అంటే ఎక్కువ భయం. మనవైపు చూసే పశువుకి కళ్ళు మెరుస్తాయి, రెటీనా వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది కాబట్టి. అటు తిరిగి పడుకున్న గేదెకి మెరిసేదేమీ ఉండదు. నల్లటి ఒంటి మీద పడిన వెలుగులో మన కంటికి తిరిగొచ్చేది చాలా తక్కువ.

గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. గేదెని చూసి బ్రేకు పట్టేసరికి ఒకటిన్నర సెకను పోతే 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 24 కావాలి. దిగుడులో ఇంకా ఎక్కువ. అంటే కనీసం 50 మీటర్ల అవతల ఉన్నది కనబడాలి. నా బండి డిమ్‌లో, అంటే కిందికి వంచిన వెలుగులో, 30 మీటర్లు కూడా సరిగ్గా చూపించేది కాదు.

అందరిలాగే నేనూ ముందు బల్బునే తిట్టుకున్నాను. ఒక చవక ఎల్ఈడీ బల్బు కొని హాలోజన్ తీసిన చోట పెట్టాను. బండి ముందు నాలుగడుగుల రోడ్డు పాలు ఒలికినట్టు తెల్లబడింది. దూరం మాత్రం ఇంకా చీకటైపోయింది. దగ్గర నేల అంతగా వెలిగితే కంటిపాప చిన్నదవుతుంది, దూరపు మసక వెలుగుని పట్టుకోలేదు. ఎదురొచ్చిన ప్రతి లారీ నాకు డిప్పర్ కొట్టింది.

కారణం బల్బు లోపలే ఉంది. హెచ్ఎస్1, హెచ్4 రకం హాలోజన్ బల్బుల్లో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుగు తగలకుండా అది అడ్డుకుంటుంది. ఆ సగానికి తగిలిన వెలుగే పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ సన్నటి ఫిలమెంటు ఉండే చోటుని బట్టి తయారవుతుంది. పలక మీద రెండు వైపులా ఎల్ఈడీ చిప్పులు అతికించిన బల్బు అక్కడ పెడితే, ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వెలుగు పై అంచు గీత చెదిరిపోతుంది. తనకి తగిన లెన్స్‌తో మొత్తంగా తయారైన ఎల్ఈడీ హెడ్‌లైటు సంగతి వేరు, అది బాగానే పనిచేస్తుంది.

మావైపు తెలుగిళ్ళలో సాలూరంటే లారీలు. అక్కడ లారీల వైరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పాత హాలోజన్ బల్బే మళ్ళీ పెట్టించి, ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి చూశారు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. బల్బు హోల్డర్ దగ్గర 11.6.

“బల్బుది తప్పు కాదు బాబూ, దానికి తిండి అందట్లేదు” అన్నారు.

ఆ తేడా చూడటానికి చిన్నదే. కానీ హాలోజన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, వోల్టేజీ కొంచెం తగ్గినా చాలా ఎక్కువగా, దాదాపు 3.4వ ఘాతంతో పడిపోతుంది. లెక్క కడితే వెలుగులో 45 శాతం దారిలోనే పోతోంది. సన్నటి వైర్లు, హ్యాండిల్ మీది స్విచ్చులో నల్లబడ్డ పాయింట్లు, తుప్పు పట్టిన ఎర్త్, ఇవే దాన్ని తినేస్తున్నాయి. ఆయన బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి, కాస్త లావు వైరుతో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చు) ద్వారా నేరుగా బల్బుకి కరెంటు ఇచ్చారు. స్విచ్చు ఇప్పుడు రిలేని మాత్రమే కదిలిస్తుంది. అదే 35 వాట్ల బల్బు, దాదాపు రెట్టింపు వెలుగు. అయితే ఆక్సిలరేటర్ తగ్గిస్తే లైటూ తగ్గే పాత బండ్లకి ఈ పని పనికిరాదు. వాటిలో లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ముందు ఛార్జింగే మార్చుకోవాలి. ఇక 35 వాట్ల హోల్డర్లో 90/100 వాట్ల బల్బు దూర్చడం మాత్రం వద్దు, హోల్డర్ కరిగిపోతుంది.

తర్వాత లైటు ఎత్తు సరిచేసే గోడ పని. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, మనం దాని మీద కూర్చోవాలి. డిమ్ పై గీత హెడ్‌లైటు ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందికి రావాలి. లైటు నేలకి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ గీత 90 మీటర్ల దగ్గర నేలని తాకుతుంది. వెనక మనిషి కూర్చున్నా, బస్తా కట్టినా బండి వెనక్కి కుంగి గీత పైకి లేస్తుంది. అప్పుడు స్క్రూ తిప్పి దించుకోవాలి.

ఇంత చేసినా ఘాట్‌లో ఒక లోటు మిగిలింది. ఎడమ మలుపులో బండి ఎడమకి వాలితే వెలుగు గీత కూడా వాలుతుంది. కుడివైపు పైకి లేచి, మనం వెళ్ళబోయే ఎడమవైపే పొట్టిగా పడుతుంది. అదనపు లైట్ల అసలు అవసరం ఇక్కడ ఉంది. క్రాష్ గార్డ్‌కి కిందుగా, వెడల్పుగా పరుచుకునే రకం రెండు బిగించుకున్నాను. దూరం కొట్టే సన్నని రకం సాలూరు దాటాక వచ్చే తిన్నటి రోడ్డుకి బాగుంటుంది, మలుపుల్లో అది లోయలోకి పోతుంది.

శీతాకాలం పొట్టంగి వైపు పొగమంచులోనూ ఈ కింది లైట్లే ఆదుకుంటాయి. పసుపు రంగు మంచుని చీల్చుకు పోతుందని చాలామంది నమ్మకం. ఫ్రాన్స్‌లో 1936 నుంచి 1993 దాకా హెడ్‌లైట్లు పసుపువే ఉండాలని నియమం కూడా ఉండేది. కానీ మంచు బొట్లు వెలుగు తరంగం కంటే చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి. అందుకే మంచు తెల్లగా ఉంటుంది. నీలం తగ్గితే కంటికి కాస్త హాయి, అంతవరకే. లైటు కంటికి ఎంత కిందుగా ఉంటే, మంచు మీద నుంచి మనకే తిరిగొచ్చే తెల్లటి తెర అంత పల్చబడుతుంది. బ్రైట్ వేస్తే ఆ తెర గోడ అవుతుంది.

రెండు 20 వాట్ల లైట్లంటే సుమారు 3 ఆంపియర్లు. బండి ఆగి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఛార్జింగ్ అంత ఇవ్వకపోవచ్చు, బ్యాటరీ దిగిపోతుంది. వీటికీ బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది, 8 మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని మన లైటు మిరుమిట్లు గొలపకూడదంటుంది. ఎదుటి బండి మీద వచ్చే మనిషి కన్ను దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. అందుకే ఈ రెండింటినీ బ్రైట్ స్విచ్చుకే కలిపించాను. ఎదురుగా లారీ కనబడి డిమ్ వేస్తే రెండూ వాటంతటవే ఆరిపోతాయి. మంచు రోజుల కోసం మాత్రం వేరే స్విచ్చు ఒకటి ఉంది.