13 ఫాక్టోరియల్ ఎంత? ఓకామెల్ వెర్షన్ గొడవ వెనక కథ

రెండు మార్కుల దగ్గర మొదలైంది. తిరుపతి పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో (పేరు ఇక్కడ అనవసరం) ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఇంటర్నల్ జరిగింది. ఓ అమ్మాయి ఇంట్లో తన ల్యాప్‌టాప్ మీద ప్రోగ్రాం నడిపి, వచ్చిన జవాబును రికార్డులో ఎక్కించింది: 13 ఫాక్టోరియల్ (1 నుంచి 13 దాకా సంఖ్యలన్నీ గుణిస్తే వచ్చేది) విలువ 6227020800. ల్యాబ్ మాన్యువల్లో అదే చోట మైనస్ 215430144 అని ఉంది. మాన్యువల్‌తో కలవలేదని రెండు మార్కులు కోసేశారు. వాళ్ల నాన్న కాలేజీకొచ్చి, హెచ్ఓడీ గది ముందు నిలబడి, "ఫాక్టోరియల్ మైనస్‌లో ఎట్లొస్తాది సార్?" అని అడిగేసరికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

వారం తిరిగేలోపు అది వెర్షన్ గొడవగా మారింది. ల్యాబ్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష ఓకామెల్, అందులో ఉన్నది 4.05 వెర్షన్. 2025 అక్టోబర్‌లో 5.4 విడుదలైంది. సెమిస్టర్ పరీక్షల్లోపు అన్ని మెషీన్లలో 5.4 వేయాల్సిందేనని డిపార్ట్‌మెంట్ అంటోంది, ఇప్పుడే వద్దని ల్యాబ్ టెక్నీషియన్ అంటున్నాడు. 2024 మేలో 5.2 వచ్చినప్పుడూ ఇదే రగడ. అప్పుడు ఎండాకాలం సెలవులొచ్చి చల్లారిపోయింది. ఈసారి సెలవులు దగ్గర్లో లేవు, ఎడిటర్ గారికేమో రేపు పొద్దున్నకల్లా నేపథ్యం కావాలి.

ఓకామెల్ ఫ్రాన్స్‌లోని ఇన్రియా అనే పరిశోధన సంస్థలో పుట్టిందనీ, 1996లో ఇప్పటి రూపానికి వచ్చిందనీ, జేన్ స్ట్రీట్ అనే ట్రేడింగ్ కంపెనీ దాన్ని విరివిగా వాడుతుందనీ మొదటి యూనిట్లోనే చెప్పేస్తారు. అది వదిలేద్దాం. ఈ గొడవ అర్థం కావాలంటే 2020 దగ్గర ఆగాలి.

అప్పటికి ఓకామెల్ మీద ఒక పాత ఫిర్యాదు ఉండేది. మెషీన్‌లో నాలుగు కోర్లున్నా (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఓకామెల్ కోడ్ ఒకసారికి ఒక్క కోర్ మీదే నడిచేది. థ్రెడ్లు ఎన్ని పెట్టినా తాళంచెవి ఒక్కటే, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే వంతు. దీన్ని మార్చే పని కేంబ్రిడ్జ్‌లో మొదలైంది. 2014లో స్టీఫెన్ డోలన్, లియో వైట్, అనిల్ మాధవపెద్ది మల్టీకోర్ ఓకామెల్ గురించి ఓకామెల్ వర్క్‌షాప్‌లో చెప్పారు. కె.సి. శివరామకృష్ణన్ ఐఐటీ మద్రాసుకు వచ్చాక ఆ పనిలో పెద్ద భాగం చెన్నైలోనే జరిగింది. తిరుపతిలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం. మన కాలేజీల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

చిక్కంతా చెత్త ఊడ్చే దగ్గర, అంటే పనైపోయిన మెమరీని ఖాళీ చేసే దగ్గర వచ్చింది. ప్రోగ్రాం నడుస్తుంటే పుట్టే చిన్న విలువలన్నీ ముందు ఒక చిన్న అరలో పడతాయి. 64 బిట్ మెషీన్‌లో అది మామూలుగా 2 ఎంబీ ఉంటుంది. నిండగానే పనికొచ్చేవాటిని పక్కకు తీసి మిగతాది ఖాళీ చేస్తారు. ఒక్క కోర్ అయితే బాధ లేదు. నాలుగు కోర్లు, నాలుగు అరలు అయితే? రెండు దారులు కనబడ్డాయి. ఎవరి అర వాళ్లు ఊడ్చుకోవడం మొదటిది. మిగతావాళ్లు ఆగక్కర్లేదు కాబట్టి చూడ్డానికి ఇదే బాగుంటుంది. కానీ అప్పుడు విలువలు చదివేటప్పుడల్లా ఒక తనిఖీ పెట్టాలి, ఆ తనిఖీ కోసం సీ భాషలో రాసి ఓకామెల్‌కు అతికించిన పాత కోడ్‌ను తిరగరాయాలి. రెండోది, గంట కొట్టగానే అందరూ ఆగి, కలిసి ఊడ్చి, మళ్లీ కదలడం. తిరుమలలో నైవేద్యం గంట మోగితే క్యూ మొత్తం నిలబడిపోతుంది చూశారా, అట్లా. కాకపోతే ఇక్కడ ఆగేది రెప్పపాటు కూడా ఉండదు.

2020లో ఐసీఎఫ్‌పీ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ సదస్సుకు రాసిన పేపర్లో ఈ రెండు దారులనూ కొలిచి చూపించారు. అందరూ ఆగితే వస్తుందని భయపడినంత నష్టం కొలతల్లో రాలేదు. పైగా పాత సీ కోడ్‌ను చాలావరకు ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. రెండో దారే ఖాయమైంది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. ఏళ్ల తరబడి చేసిన పని చివర, చూడ్డానికి బాగున్న దారిని పక్కనపెట్టి, పాతవాళ్ల కోడ్ పాడవని దారి పట్టారు. 2021లో పీఎల్‌డీఐ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషల సదస్సుకు రాసిన పేపర్‌దీ అదే వరస. ఎఫెక్ట్ హ్యాండ్లర్లు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి, మళ్లీ అక్కడి నుంచే సాగించే సదుపాయం) చేర్చాక, వాటిని వాడని ప్రోగ్రాముల మీద పడే భారం సగటున 1 శాతమేనని కొలిచి మరీ చెప్పారు. 2022 జనవరిలో మల్టీకోర్ అసలు ఓకామెల్‌లో కలిసింది, అదే డిసెంబర్‌లో 5.0 బయటికొచ్చింది.

ఇంతవరకు చదివితే డిపార్ట్‌మెంట్ మాటే సరైనదనిపిస్తుంది. పాత ప్రోగ్రాములు నడవాలని చేసినవాళ్లే అంత తాపత్రయపడితే మనకెందుకు టెన్షన్ అంటారు వాళ్లు. ల్యాబ్‌లోని ఆపరేటింగ్ సిస్టం లుబుంటు 18.04కు అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైందని కూడా అంటారు. అది నిజమే. అక్రెడిటేషన్ టీమ్ వచ్చేలోపు మల్టీకోర్ ఎక్స్‌పెరిమెంట్ ఒకటి చూపించాలన్న తొందర కూడా ఉంది. దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు.

టెక్నీషియన్‌ను నిన్న సాయంత్రం బాలాజీ కాలనీలో టీ కొట్టు దగ్గర కలిశాను. నేను 2020 కథ మొదలుపెట్టగానే ఒక్క మాటతో ఆపేశాడు. "ఆ భరోసా 4.14 నుంచి పొయ్యేవాళ్లకి సార్. మనం ఉండేది 4.05లో."

ఆ మాట అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. 2014లో వచ్చిన 4.02లో బైట్స్ అనే కొత్త రకం పెట్టారు. అక్షరాలు మార్చుకోవాలంటే బైట్స్ వాడండి, స్ట్రింగ్‌ను (అక్షరాల వరసను) మార్చకండి అని దాని ఉద్దేశం. మొదట్లో మారిస్తే హెచ్చరికతో సరిపెట్టేవారు. 2017 నవంబర్‌లో 4.06 వచ్చాక అది మామూలుగా తప్పు కిందే లెక్క, కావాలంటే ఒక ఆప్షన్ ఇచ్చి పాత పద్ధతిలో నడుపుకోవచ్చు. 5.0లో ఆ ఆప్షన్ కూడా తీసేశారు. అంటే ఈ ల్యాబ్ సరిగ్గా గీతకు ఇవతల ఆగింది. మాన్యువల్లో స్ట్రింగ్‌ను తిరగేసే ప్రోగ్రాం అక్కడికక్కడే అక్షరాలు మారుస్తుంది. హెచ్చరిక స్క్రీన్ మీద రోజూ కనబడేది, రోజూ పిల్లలు దాన్ని దాటి కింద జవాబు చూసుకునేవాళ్లు. మాన్యువల్లో ఇంకో రెండు చోట్ల పర్వేసివ్స్, ఒక చోట స్ట్రీమ్ అనే పాత మాడ్యూళ్లు (భాషతోపాటు వచ్చే కోడ్ భాగాలు) ఉన్నాయి. అవీ 5.0లో ప్రామాణిక లైబ్రరీ నుంచి పోయాయి. మల్టీకోర్ కోసం అన్ని జాగ్రత్తలు పడ్డ విడుదలే, ఎప్పట్నుంచో తీసేస్తామన్న పాత సామాన్లనూ అదే ఊపులో బయట పెట్టింది. 4.14 దాకా మెట్టు మెట్టుగా వచ్చినవాళ్లకు అది పెద్దగా తెలియలేదు. గెంతాలనుకునేవాళ్లకే కాలు విరుగుతుంది.

ఇక మైనస్ సంగతి. ల్యాబ్‌లో వేసింది 32 బిట్ లుబుంటు. ఓకామెల్ పూర్ణాంకాల్లో ఒక బిట్‌ను తనకోసం ఉంచుకుంటుంది, అది సంఖ్యా లేక మెమరీ చిరునామానా అని గుర్తుపట్టడానికి. 32లో ఒకటి పోగా 31 మిగులుతాయి. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 1073741823. 13 ఫాక్టోరియల్ దాన్ని దాటేసి, చుట్టు తిరిగి మైనస్‌లో పడుతుంది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ 64 బిట్‌ది, అక్కడ 20 ఫాక్టోరియల్ దాకా సరిగ్గా వస్తుంది. వెర్షన్‌కూ దీనికీ సంబంధం లేదు. పాత 4.05నే 64 బిట్ మీద నడిపినా సరైన జవాబే వచ్చేది.

పైగా 5.0లో 32 బిట్ మెషీన్లకు నేటివ్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా నడిపేది) తయారుచేసే భాగాలు తీసేశారు, బైట్‌కోడ్ (ఇంకో ప్రోగ్రాం సాయంతో నడిచేది) మాత్రమే మిగిలింది. మొదట 64 బిట్ ఎక్స్86, ఆర్మ్ అనే రెండు ప్రాసెసర్ రకాలకే నేటివ్ ఉండేది. 5.1లో రిస్క్‌ఫైవ్, ఎస్390ఎక్స్ అనే ఇంకో రెండు రకాలు తిరిగొచ్చాయి, 5.2లో పవర్ వచ్చింది, 5.3లో విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కట్టుకునే దారి తిరిగి తెరిచారు. 32 బిట్ నేటివ్ మాత్రం రాలేదు. టెక్నీషియన్ ఊరికే వాదించలేదు. చివరి వరసలో ఒక మెషీన్ మీద 5.4ను బైట్‌కోడ్‌గా కట్టి, ఫాక్టోరియల్ నడిపి చూశాడు. మళ్లీ మైనస్ 215430144. "కొత్తది ఏసినా పాత జవాబే ఇస్తాండాది సార్, ఎవురికి చెప్పేది?" అన్నాడు నవ్వుతూ.

అతను కోరేది పెద్దదేం కాదు. ఆ మెషీన్ల ప్రాసెసర్లు 64 బిట్‌వే. 2 జీబీ ర్యామే ఉందని అప్పట్లో ఎవరో 32 బిట్ వేసి వదిలేశారు. ర్యామ్ కొనిస్తే 64 బిట్ లుబుంటు 24.04 వేస్తానంటాడు. ఉబుంటు వాళ్లు కూడా అందులో పెట్టింది ఓకామెల్ 4.14.1నే. మాన్యువల్‌ను ముందు దాని మీద సరిచేసి, వచ్చే ఏడాది 5కు పోదామంటాడు. ర్యామ్ ఇండెంట్ రెండుసార్లు పైకి పోయి రెండుసార్లూ వెనక్కొచ్చింది. 5.4 వేయమన్న సర్క్యులర్ మాత్రం ఒక్క రోజులో సంతకమై వచ్చింది.

మాన్యువల్ కమిటీ సోమవారం కూర్చుంటుందట. రెండు మార్కుల సంగతి అప్పుడు చూస్తామన్నారు. ఈలోపు ల్యాబ్ తలుపు మీద ఒక నోటీసు అంటించారు: ఇకపై 13 బదులు 12 ఫాక్టోరియల్ అడగాలి. దాని విలువ 479001600, ఏ మెషీన్ మీదైనా అంతే వస్తుంది.