స్వేచ్ఛా మార్కెట్‌లో ప్రభుత్వానికి పనేంటి? అపోహలు - వాస్తవాలు

ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పే నాకు ఏటా కొత్త విద్యార్థుల నోట పాత మాటలే వినిపిస్తాయి. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందని ఒకరు, ప్రభుత్వం పట్టు సడలిస్తే వ్యాపారులు దోచుకుతింటారని ఇంకొకరు. ఇద్దరి లెక్కా ఒకటే. మార్కెట్టూ ప్రభుత్వమూ తక్కెడలో చెరో పళ్లెం, ఒకటి లేస్తే రెండోది దిగాల్సిందే అనుకుంటారు.

అపోహ: స్వేచ్ఛా మార్కెట్ అంటే ప్రభుత్వం లేని చోటు.

అలాంటి చోట ఎక్కువగా సాగేవి చేతికి చేయి బేరాలే. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇవాళ సరుకిచ్చి, మూడు నెలల తర్వాత డబ్బు తీసుకోవడానికి ఒప్పుకుంటున్నామంటే, ఎగ్గొడితే కోర్టు ఉందన్న ధీమా వల్లే. ఆస్తి ఎవరిదో తేల్చే రికార్డులు, తూనికలు కొలతలు, దివాలా చట్టం, ఇవన్నీ ప్రభుత్వం సమకూర్చేవే. లిమిటెడ్ కంపెనీనే తీసుకోండి. కంపెనీ మునిగితే వాటాదారుకు పెట్టిన సొమ్ము వరకే నష్టం, ఇల్లూ వాకిలీ జోలికి ఎవరూ రారు. బ్రిటన్‌లో ఈ రక్షణ మామూలు కంపెనీలకు అందుబాటులోకి వచ్చింది 1855లో పార్లమెంటు చట్టం చేశాకే. పెట్టుబడిదారీ వ్యవస్థకు గుండెకాయ అనదగ్గ ఏర్పాటు ఇలా చట్టసభలో పుట్టిందంటే మా క్లాసులో చాలామంది నమ్మరు.

అపోహ: ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలని ఆడమ్ స్మిత్ చెప్పాడు.

ఆర్థికశాస్త్రానికి ఆద్యుడని పేరున్న స్మిత్‌ను చదివేవాళ్లు తక్కువ, చదవకుండానే ఎక్కువగా ఉదహరించేది బహుశా ఈయన్నే. 1776లో వచ్చిన ఆయన గ్రంథంలో ‘అదృశ్య హస్తం’ (ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా సమాజానికి మేలు జరుగుతుందనే భావన) అన్న మాట ఒకే ఒక్కసారి కనిపిస్తుంది. చివరి భాగమంతా ప్రభుత్వ ఖర్చులు, పన్నులు, అప్పుల గురించే. దేశ రక్షణ, న్యాయ పాలన, సమాజానికంతటికీ మేలు చేసినా ఏ ఒక్కరికీ గిట్టుబాటు కాని ప్రజా నిర్మాణాలు - ఈ మూడూ ప్రభుత్వం బాధ్యతలన్నాడు. బ్యాంకులు మరీ చిన్న మొత్తాల నోట్లు జారీ చేయకుండా కట్టడి చేయాలనీ అన్నాడు. అది స్వేచ్ఛకు భంగమేనని ఒప్పుకుంటూనే, మంటలు పాకకుండా ఇళ్ల మధ్య అడ్డుగోడ కట్టాలనే నిబంధన కూడా అలాంటిదేనని సమర్థించాడు.

అపోహ: వ్యాపారులకు నచ్చే విధానమే మార్కెట్ విధానం.

నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఇప్పటికే మార్కెట్‌లో పాతుకుపోయిన కంపెనీకి పోటీ అంటే ప్రాణసంకటం. దిగుమతి సుంకం, లైసెన్సు, మునిగితే ఆదుకునే ప్యాకేజీ దానికి ముద్దు.

అమెరికా విమానయానం ఇందుకు మంచి పాఠం. 1938 నుంచి అక్కడ రాష్ట్రాల మధ్య ఏ సంస్థ ఏ మార్గంలో నడవాలో, టికెట్ ధర ఎంతో ఒక ప్రభుత్వ బోర్డు నిర్ణయించేది. నలభై ఏళ్లలో ఒక్క కొత్త పెద్ద సంస్థనూ ప్రధాన మార్గాల్లోకి రానివ్వలేదు. కాలిఫోర్నియా, టెక్సాస్ సరిహద్దులు దాటని విమానాలు ఆ బోర్డు పరిధిలోకి రావు కాబట్టి, వాటిలో అంతే దూరానికి టికెట్ చాలా చవగ్గా దొరికేది. 1978లో ఈ నియంత్రణ ఎత్తేస్తామంటే పెద్ద విమాన సంస్థల్లో ఎక్కువ భాగం వ్యతిరేకించాయి. పట్టుబట్టి ముందుకు నడిపినవాళ్లలో ఒకరు మార్కెట్ భక్తుడని ఎవరూ అనని సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ. చట్టంపై సంతకం చేసింది డెమొక్రాట్ అధ్యక్షుడు కార్టర్.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ధరలు, మార్గాలు చూసే బోర్డు మూతపడింది కానీ, విమానాల భద్రతను తనిఖీ చేసే సంస్థ అలాగే కొనసాగింది. ఇంజిన్ సరిగా ఉందో లేదో ప్రయాణికుడు చూసి తెలుసుకోలేడు, టికెట్ ధర మాత్రం పోల్చి చూసుకోగలడు. ప్రభుత్వం పెద్దదా చిన్నదా అని వాదించుకునేవాళ్లు ఈ తేడా దగ్గరికే రారు.

నియంత్రణ చాలాసార్లు నియంత్రించాల్సిన పరిశ్రమకే చుట్టమైపోతుందని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1971లోనే సిద్ధాంతీకరించాడు. అందుకే ఏదైనా కొత్త నిబంధన రాగానే దాన్ని ముందుగా మెచ్చుకున్న కంపెనీ ఏదో చూడమంటాను.

అపోహ: పన్నులు ఎక్కువుంటే అది మార్కెట్ వ్యవస్థ కాదు.

స్వీడన్‌లో పన్నులు భారీ, సంక్షేమం విస్తృతం. అయినా అక్కడ చట్టం నిర్ణయించిన కనీస వేతనమే లేదు, యూనియన్లూ యజమానులూ బేరమాడి తేల్చుకుంటారు. పన్ను వసూలు చేసి పంచడం వేరు, ఎవరు ఏం తయారు చేయాలో చెప్పడం వేరు.

అపోహ: పేదలకు మేలు చేయాలంటే ధరలకు పగ్గం వేయాలి.

ధర పెరగడం కొరత ఉందన్న కబురు. పగ్గం వేస్తే కబురు ఆగుతుంది, కొరత ఆగదు. పైగా తక్కువ ధర లాభం ఉన్నవాళ్లకూ పోతుంది. పేదల చేతికి నేరుగా డబ్బివ్వడం మేలు. మార్కెట్‌ను గట్టిగా వెనకేసుకొచ్చిన ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ సైతం ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వమే ఎదురు చెల్లించే పన్ను పద్ధతిని 1962లో ప్రతిపాదించాడు.

అపోహ: మార్కెట్ విఫలమైన చోటల్లా ప్రభుత్వమే రంగంలోకి దిగి నడపాలి.

పొగ వదిలే ఫ్యాక్టరీ ఆ నష్టాన్ని తన ఖాతాలో రాసుకోదు. ఇది మార్కెట్ వైఫల్యమే, సందేహం లేదు. అయితే ప్రభుత్వం చేతిలో ఉన్న సాధనాలు చాలా. 1990లో అమెరికా ఆమ్ల వర్షాలకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్‌పై మొత్తంగా ఒక హద్దు గీసి, ఆ హద్దులోపు ఆ వాయువును వదలడానికిచ్చే పర్మిట్లను విద్యుత్ కేంద్రాలు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు అంది. ఎవరు ఏ యంత్రం పెట్టుకోవాలో చెప్పలేదు. కాలుష్యం తగ్గింది, ఖర్చు ముందు వేసిన అంచనాలకన్నా తక్కువైంది. ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల వేట లాంటి చోట్ల వాడుకునేవాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకున్న సందర్భాలను అధ్యయనం చేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అక్కడ ప్రభుత్వం ఆ కట్టుబాట్లను గుర్తించి పక్కకు తప్పుకుంటే చాలు.

ఇక చుట్టుపక్కల ఊళ్లవాళ్లనే చంపే విషమైతే, పర్మిట్ కొనుక్కుని వదలమనే వీలు లేదు. దానికి నిషేధమే సరైన మందు.