చేయి దాటిన రాయి

మా చిన్నప్పుడు విజయనగరం జిల్లా పల్లెల్లో గంటిచేను (సజ్జచేను) వెన్ను తీసిందంటే పిట్టల కాపలా పిల్లలదే. మంచె మీద వడిసెల, పక్కన గులకరాళ్ల కుప్ప. ఒకరోజు గిర్రున తిప్పి ఒక కొస వదిలేశాక, గట్టు చాటునుంచి పక్కవాళ్ల దూడ బయటికొచ్చింది. గట్టిగా అరిచాను. రాయి పోయి దాని ముందుకాలికి తగిలింది. ఆ కాలికి పసుపు పట్టు వేస్తూ తాతయ్య అన్నాడు: "ఒరే గుంటడా, సేయి దాటిపోనాక రాయి నీ మాట ఇంటదేటి?"

బాలిస్టిక్ క్షిపణి అచ్చం ఆ రాయే. ఖండాలు దాటే రకమైతే ఇంజిను మండేది మొదటి మూడు నుంచి అయిదు నిమిషాలు. ఆ తర్వాత దాన్ని నడిపేది గురుత్వాకర్షణ. సెకనుకు సుమారు 7 కి.మీ. వేగంతో అంతరిక్షంలో వెయ్యి కి.మీ. పైకి లేచి, ఖండాలు దాటి, అరగంటలో నేలకు దిగుతుంది. వెనక్కి పిలిచే దారి లేదు. ఆ అరగంటలోనే అవతలి దేశం దాన్ని గుర్తించాలి, నిజమో కాదో తేల్చుకోవాలి, బదులు చెప్పాలో వద్దో నిర్ణయించుకోవాలి. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక కేంద్రంలో స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి ముందు తెర మీద అయిదు అమెరికా క్షిపణులు బయల్దేరినట్టు కనిపించింది. ఇది తప్పుడు సంకేతమని ఆయన పైవాళ్లకు చెప్పాడు. మబ్బుల మీద మెరిసిన ఎండను ఉపగ్రహం మంటగా పొరబడిందని తర్వాత తేలింది.

మరి ఈ క్షిపణులే లేకపోతే? 1986 అక్టోబరు 11, 12 తేదీల్లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ సోవియట్ నేత గోర్బచెవ్ ముందు ఇదే పెట్టాడు: పదేళ్లలో బాలిస్టిక్ క్షిపణులన్నీ తీసేద్దామని. గోర్బచెవ్ ఖండాలు దాటి కొట్టే వ్యూహాత్మక అణ్వాయుధాలన్నీ పోవాలన్నాడు. చివరికి, వచ్చే క్షిపణులను దారిలోనే కూల్చాలని అమెరికా తలపెట్టిన అంతరిక్ష రక్షణ కవచం దగ్గర మాట తెగిపోయింది.

కొడితే తిరిగి కొడతామన్న భయంతో ఎదుటివాడి చేయి ఆపడమే అణు నిరోధం. క్షిపణులు లేకున్నా అది నడిచింది. 1957లో సోవియట్ ఖండాంతర క్షిపణి ఆర్-7 ఎగిరేదాకా ఆ భారమంతా బాంబర్ విమానాలదే. విమానం ఖండం దాటడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది, సగం దారిలో వెనక్కి పిలవొచ్చు. ఈ సుగుణం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. కానీ దాని వెనకే చిక్కూ ఉంది. రన్‌వే మీద నిలబడ్డ విమానాన్ని మొదటి దెబ్బకే నాశనం చేయొచ్చు. ఆ భయంతోనే 1960ల్లో అమెరికా బాంబులు నింపిన బి-52 బాంబర్లను రాత్రింబవళ్లు గాల్లోనే తిప్పింది. 1966 జనవరి 17న స్పెయిన్‌లోని పాలోమారెస్ మీద అలాంటి ఒక విమానం ఇంధనం నింపుకుంటూ ట్యాంకర్ విమానాన్ని గుద్దుకుంది. నాలుగు హైడ్రోజన్ బాంబులు రాలిపడ్డాయి. రెండింటిలోని మామూలు పేలుడు మందు పేలి ప్లుటోనియం పొలాల్లో చిమ్మింది. సముద్రంలో పడ్డ నాలుగోదాన్ని వెతికి తీయడానికి దాదాపు 80 రోజులు పట్టింది. టమాటా పండించుకునే ఊరది.

మన సంగతి ఇంకో రకం. అస్సాంలోని తేజ్‌పూర్ వైమానిక స్థావరం నుంచి చైనా రాజధాని బీజింగ్ 2500 కి.మీ. పైమాటే. మన సుఖోయ్-30 యుద్ధవిమానం ఒక్కసారి నింపిన ఇంధనంతో ఎగిరేది సుమారు 3000 కి.మీ. అంటే బీజింగ్ దాకా పోగలదు, తిరిగి రాలేదు. బాలిస్టిక్ క్షిపణులు పోతే ఉత్తరాన చైనా వైపు మన నిరోధం బాగా పలచబడుతుంది, పాకిస్తాన్ వైపు అంతగా మారదు. అదీగాక, ముందుగా అణ్వాయుధం వాడబోమని మాటిచ్చిన దేశం మనది. దెబ్బ తిన్నాక కూడా బదులివ్వగలగాలి. మా ఊళ్లకు 60 కి.మీ. దూరంలోని విశాఖలో 2009లో నీళ్లలోకి దిగిన అణు జలాంతర్గామి అరిహంత్ అందుకే. దాని కడుపులో ఉన్నవీ బాలిస్టిక్ క్షిపణులే. అయినా సముద్రం అడుగున ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి దానికి తొందర లేదు. గంటలు, రోజులు ఆగి నిజం తేల్చుకున్నాకే బదులివ్వొచ్చు. ఆయుధం ఎంత నెమ్మదిగా పోతుందన్నది ఒక లెక్క. దాన్ని పట్టుకున్నవాడు ఎంతసేపు ఆగగలడన్నది ఇంకో లెక్క. నా మటుకు రెండోదే బరువైనది.

పైగా వేగం బాలిస్టిక్ సొత్తు కూడా కాదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి (దారి పొడవునా ఇంజినుతో విమానంలా ఎగిరే రకం) ఒకటి సిబ్బంది నియమాలు తప్పడంతో పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోకి 124 కి.మీ. చొచ్చుకెళ్లి మియాన్ చన్నూ దగ్గర పడింది. అణుబాంబు లేదు, పేలుడు మందూ లేదు, ఎవరూ చనిపోలేదు. పొరపాటేనని మన ప్రభుత్వం ప్రకటించేసరికి మార్చి 11 వచ్చింది. ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగం దానిది. సరిహద్దు దాటాక నాలుగు నిమిషాల్లోపే అంతా అయిపోయింది. ఇస్లామాబాద్‌లోనో ఢిల్లీలోనో ఆ నాలుగు నిమిషాల్లో ఏం తేల్చుకోగలరు?

బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు మూడు రోజుల ముందే ఒకరికొకరు కబురు చెప్పుకోవాలని రెండు దేశాలూ 2005 అక్టోబరులో ఒప్పందం రాసుకున్నాయి, ఇప్పటికీ పాటిస్తున్నాయి. అందులో క్రూయిజ్ క్షిపణుల ఊసు లేదు. ముందు అది చేర్చాలి.