పుట్టకముందే మెదడులో పని మొదలుపెట్టే మైక్రోగ్లియా

మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాను 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా ప్రత్యేక కణజాతిగా గుర్తించినా, గాయమో ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు చెత్తను తొలగించే కణాలుగానే వాటిని చాలాకాలం పరిగణించారు. అసలు మెదడు నిర్మాణంలోనే వాటికి పాత్ర ఉందని తేలడం ఈ శతాబ్దపు జీవశాస్త్రంలో ఎంతో విలువైన సంగతి అని నేను భావిస్తాను.

ఇవి ఎముక మజ్జలో పుట్టేవి కావు. పిండానికి ఆనుకొని ఉండే పచ్చసొన సంచిలో పుట్టి, న్యూరాన్లలో, అంటే నాడీకణాలలో, అధికభాగం ఇంకా ఏర్పడకముందే, గర్భం రెండో నెల నాటికే మెదడులోకి చేరుకుంటాయి. ఎలుకల్లో ఈ మూలాన్ని 2010లో నిరూపించారు.

ఎదిగే మెదడు అవసరానికి మించి సినాప్సులను, అంటే న్యూరాన్ల మధ్య సంధులను, ఏర్పరచుకుంటుంది. చిత్తూరు రైతు కాపు అయిపోయాక తోతాపురి చెట్టులో అక్కరలేని కొమ్మలను కత్తిరించినట్లే వీటిలోనూ కొన్నింటిని తొలగించాలి. అయితే ఏది పోవాలో నిర్ణయించడంలో ఆ సంధి ఎంత చురుకుగా పనిచేస్తున్నదన్నది ముఖ్యం. 2012లో బోస్టన్‌లో డొరొతీ షేఫర్, బెత్ స్టీవెన్స్ బృందం ఎలుక పిల్లల రెండు కళ్ల నుంచి వచ్చే నాడీతంతువులకు వేర్వేరు రంగులు పట్టించి చూడగా, ఐదు రోజుల పిల్లల మైక్రోగ్లియా లోపల ఆ రంగుల తునకలు కనిపించాయి. ఒక కంటి నాడుల చురుకుదనాన్ని మందుతో అణచివేసినప్పుడు, ఆ కంటివైపు సంధులనే అవి ఎక్కువగా మింగాయి. ఈ పనిలో, సూక్ష్మజీవులను గుర్తుపట్టేందుకు రక్తంలో ఉండే కాంప్లిమెంట్ ప్రొటీన్లే గుర్తులుగా ఉపయోగపడతాయి.

మనుషుల్లోనూ బలమైన ఆధారం ఉంది. మైక్రోగ్లియా బతకడానికి అవసరమైన సీఎస్ఎఫ్1ఆర్ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న కొద్దిమంది పిల్లల్లో ఈ కణాలు దాదాపు లేకపోవడమే కాక, మెదడు రెండు అర్ధభాగాలను కలిపే నాడీతంతువుల పట్టీ కూడా ఏర్పడలేదు.

గర్భంతో ఉన్న ఎలుకలో వైరస్ సోకినప్పటి లాంటి ప్రతిస్పందనను రేకెత్తిస్తే, పుట్టిన పిల్లల మైక్రోగ్లియాలోనూ ప్రవర్తనలోనూ మార్పులు రావచ్చని ప్రయోగాలు చూపాయి. అందువల్ల తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే గర్భిణులు జ్వరాన్ని దాచిపెట్టకుండా డాక్టరుకు చెప్పడం మంచిది. అయితే జ్వరం వచ్చిన తల్లికి పుట్టిన బిడ్డ మెదడు దెబ్బతింటుందని దీనికి అర్థం కాదు. అలాంటి తల్లులలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడుతున్నారు.