మనమా, మేమా?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పోయిన ఆదివారం చెన్నైలో మన తెలుగు తరగతి ముగిసి మీరంతా చెప్పులు వేసుకుంటున్న వేళ, మీలో అందరికంటే చిన్నదైన పాప గుమ్మంలో ఆగి నన్నొక ప్రశ్న అడిగింది. నెల్లూరులో ఉన్న అమ్మమ్మతో ఫోనులో మాట్లాడుతూ, "అమ్మమ్మా, నిన్న మనం మహాబలిపురం వెళ్ళాం" అని చెప్పిందట. "నేనెప్పుడు వచ్చానే? నన్ను ఇక్కడే వదిలి పోయారు గదా!" అని అమ్మమ్మ నవ్విందట. ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపోతున్నప్పుడు తెలుగులో 'మనం', 'మేము' అని రెండెందుకు తాతగారూ, అని పాప ప్రశ్న. నిలుచున్నపాటున చెప్పి పంపే జవాబు కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

భాషాభాగాలు ఐదని, వాటి పేర్లు ఇవని మీచేత వల్లె వేయించే ఉద్దేశం నాకు లేదు. అది మీ పాఠ్యపుస్తకంలో ఉన్నది. నేను మీకు ఒక తువ్వాలు సంగతి చెబుతాను.

నా చిన్నతనంలో పండుగలకు మద్రాసు సెంట్రల్ నుంచి గూడూరు వైపు పోయే పాసింజరు బండిలో మా ఊరికి వెళ్ళేవాళ్ళం. బండి వచ్చి ఆగీ ఆగకముందే జనం కిటికీలోంచి బల్ల మీదికి తువ్వాళ్ళు విసిరేవారు. తువ్వాలు పడిందంటే అక్కడ మనిషి కూర్చున్నట్టే లెక్క. ఆ మనిషి ఇంకా కుళాయి దగ్గర మరచెంబు నింపుకుంటూ ఉన్నా, ఆ చోట మరొకరు కూర్చునేవారు కాదు. నామవాచకం ఆ మనిషి. సర్వనామం ఆ తువ్వాలు. రాముడి పేరు ఒకసారి చెప్పిన తరువాత ప్రతి వాక్యంలోనూ రాముణ్ణి మోసుకురానక్కరలేదు, 'అతడు' అని ఒక తువ్వాలు వేస్తే చాలు. ఎవరి తువ్వాలుకు వారి మర్యాదే దక్కుతుంది కనుక తమ్ముడికి 'వాడు', తోటివాడికి 'అతను', పెద్దవారికి 'ఆయన' అంటాము.

ఒకే రంగు తువ్వాళ్ళు రెండు పక్కపక్కన పడితే చిక్కు వస్తుంది. "గోపి రవికి అతని సైకిలు ఇచ్చాడు" అంటే ఆ సైకిలు ఎవరిది? ఇందుకోసం తెలుగు వేరే రంగు తువ్వాలు ఒకటి దాచిపెట్టింది. "గోపి రవికి తన సైకిలు ఇచ్చాడు" అనండి, సైకిలు గోపిదేనని తేలిపోతుంది. ఈ 'తాను', 'తన' అనే మాటలను మీరు వాడటం మానేస్తున్నారు. దయచేసి మానకండి.

ఇక పాప ప్రశ్న. ఒక సంక్రాంతి ముందు బండి కిక్కిరిసి ఉన్నది. మా నాయనమ్మ నా చెయ్యి పట్టుకొని ఒక బల్ల చివర ఆనుకోబోతే, అక్కడివారు "ఈ బల్ల మాది" అన్నారు. ఆమె మారుమాట లేకుండా మూట సర్దుకొని పొన్నేరి దాటేదాకా నిలబడే ఉన్నది. అప్పుడు ఎదుటి బల్ల మీది పెద్దామె ఒకరు తన పక్కనున్న పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకొని, కాస్త జరిగి, "మనదేలే అమ్మా, రా, కూర్చో" అన్నారు. రెండు బల్లలూ ఒకే కొలతవి. 'మాది' అన్న మాటలో వింటున్న మా నాయనమ్మ లేదు, 'మనది' అన్న మాటలో ఉన్నది. పాపా, నీ 'మనం'లో అమ్మమ్మ కూడా మహాబలిపురం వచ్చేసింది; అందుకే ఆమె నవ్వింది.

అన్నతో మాట్లాడేటప్పుడు 'మన అమ్మ' అంటారు, స్నేహితుడితో 'మా అమ్మ' అంటారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరూ లేని ఒంటరి బిడ్డ కూడా 'నా అమ్మ' అనకుండా 'మా అమ్మ' అనే అంటుంది. ఇది నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యమే. 'మనం', 'మేము' అనే ఈ తేడా హిందీ 'హమ్'లో లేదు, నేటి కన్నడంలోని 'నావు'లోనూ లేదు, కాని మీ వీధిలో వినిపించే తమిళంలో ఉన్నది: 'నామ' అంటే మనం, 'నాంగ' అంటే మేము.

తువ్వాలు మనుషులకే కాదు, చోటుకూ వేళకూ కూడా వేయవచ్చును. 'మైలాపూరులో' అనే బదులు 'అక్కడ', 'సాయంత్రం ఆరింటికి' అనే బదులు 'అప్పుడు', 'మెల్లగా, జాగ్రత్తగా' అనే బదులు 'అట్లా' అంటాము. ఇవి క్రియకు తోడు నిలిచి, పని ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో చెప్పే క్రియావిశేషణాలు. వీటి మొదటి అక్షరాలు చూడండి. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత. దగ్గరున్నదానికి ఇ, దూరమైనదానికి అ, తెలియనిదానికి ఎ! పక్కింటి తమిళ పిల్లవాడు 'ఇంగే, అంగే, ఎంగే' అంటున్నప్పుడు వింటే అవే మూడు అచ్చులు పలుకుతాయి. ఈ దక్షిణాది భాషలు ఒక కుటుంబానికి చెందినవని 1816లో ఈ ఊళ్ళోనే, క్యాంబెల్ అనే దొర రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, మద్రాసు కలెక్టరు ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ మాటలను పక్కపక్కన పెట్టి చూపించాడు.

తక్కిన క్రియావిశేషణాలు చాలావరకు 'గా' చేరిస్తే వస్తాయి. అందం అనే మాట ముగ్గు ముందు నిలిస్తే 'అందమైన ముగ్గు', వేసింది అనే క్రియ ముందు నిలిస్తే 'అందంగా వేసింది'. ఆ 'ఐన', ఈ 'గా' రెండూ 'అవు' అనే ఒక్క ధాతువు బిడ్డలే. గబగబ, జలజల వంటి మాటల సంగతి మరొక ఆదివారం చెబుతాను.

మెరీనా తీరాన 'నమ్మ చెన్నై' అని పెద్ద అక్షరాలు నిలబెట్టి ఉన్నాయి. తమిళంలో 'నమ్మ' అంటే మన, 'ఎంగ' అంటే మా. ఈసారి మీ నాన్నగారితో అక్కడికి వెళ్ళినప్పుడు ఆ అక్షరాల ముందు కాసేపు నిలబడండి. అక్కడ 'ఎంగ చెన్నై' అని ఉండి ఉంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే మీకు ఎలా అనిపించేదో ఆలోచించి, వచ్చే ఆదివారం నాకు చెప్పండి.

ఇట్లు,
మీ తెలుగు తాతయ్య
చెన్నై