ముందు డబ్బు, తర్వాతే వైద్యం: ఘానా ఆస్పత్రి కౌంటర్ వెనక కథ

క్యాష్ అండ్ క్యారీ అంటే మనకు హోల్‌సేల్ సరుకుల దుకాణం గుర్తొస్తుంది. ఘానాలో ఓ వయసు దాటినవాళ్ళకు గుర్తొచ్చేది మాత్రం ఆస్పత్రి. 1990ల్లో అక్కడి సర్కారు ఆస్పత్రుల్లో నడిచిన పద్ధతి పేరది. రోగిని మంచం మీద పడుకోబెట్టాక డాక్టర్ చీటీ రాసేవారు: సెలైన్ బాటిల్, సూది, దూది, గ్లౌజులు, మందులు. వెంట వచ్చినవాళ్ళు ఆ చీటీ పట్టుకుని కౌంటర్‌కు పరిగెత్తాలి. డబ్బు కడితే సరుకు చేతికొస్తుంది, సరుకు తెచ్చి నర్సుకిస్తే వైద్యం మొదలవుతుంది. జేబులో ఉన్నది చాలకపోతే చీటీలో ఏది కొనాలో, ఏది వదిలెయ్యాలో అక్కడే నిలబడి తేల్చుకోవాలి. లోపల మనిషి మూలుగుతుంటే బయట ఇంకో మనిషి ఈ లెక్క వేసుకోవడం, అదీ ప్రభుత్వ ఆస్పత్రిలో, ఎంత ఘోరమో వేరే చెప్పాలా!

2025 బడ్జెట్‌లో ఘానా ప్రభుత్వం ఆరోగ్య బీమా నిధికి చేరే డబ్బు మీదున్న పరిమితిని ఎత్తేసింది. వినడానికి ఇది ఆర్థిక శాఖ లెక్కల వ్యవహారంలా ఉంటుంది. దాని బరువు తెలియాలంటే ఆ చీటీ దాకా, ఇంకా వెనక్కి కూడా వెళ్ళాలి.

1957లో స్వాతంత్ర్యం వచ్చాక క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం సర్కారు ఆస్పత్రుల్లో వైద్యం ఉచితం చేసింది. ఖర్చంతా ఖజానాది. ఆ ఖజానాకు పెద్ద ఆధారం కోకో పంట. 1960ల మధ్యలో ప్రపంచ మార్కెట్లో కోకో ధర పడిపోయింది, 1966లో సైన్యం ఎన్‌క్రుమాను దించేసింది. ఆ తర్వాత 1969లో, మళ్ళీ 1971లో చట్టాలు చేసి కొద్దిపాటి ఫీజులు పెట్టారు. అవి పెద్ద భారమేమీ కాదు. కానీ ఉచితం అన్న గీత అక్కడే చెరిగింది.

డెబ్బైల చివరికి దేశం ఆర్థికంగా చితికిపోయింది. ఆస్పత్రుల్లో మందులు లేవు. డాక్టర్లు, నర్సులు విదేశాల దారి పట్టారు. 1983 అయితే చెప్పనలవి కాని ఏడాది. ఓ పక్క కరువు, ఇంకో పక్క పంటలను మింగేసిన కార్చిచ్చులు. అదే ఏడాది నైజీరియా వెళ్ళగొట్టిన దాదాపు పది లక్షల మంది ఘానా జనం చేతిలో మూటలతో తిరిగొచ్చారు. అప్పటి సైనిక పాలకుడు జెర్రీ రాలింగ్స్ ప్రభుత్వం ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకుల తలుపు తట్టింది. అప్పు దొరికింది, దాంతోపాటు ఖర్చు తగ్గించుకోమన్న షరతులూ వచ్చాయి.

ఆ తగ్గింపు 1985లో ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చింది. ఫీజులు ఒక్కసారిగా పెంచారు. రోజువారీ నిర్వహణ ఖర్చులో కనీసం 15 శాతం రోగుల దగ్గర రాబట్టాలన్నది లక్ష్యం. ఫలితం ఏమిటో అషాంతి-అకిమ్ జిల్లాలో జరిపిన ఒక అధ్యయనం 1989లో బయటపెట్టింది. ఫీజులు పెరగగానే ఆస్పత్రికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పట్టణాల్లో కొన్నాళ్ళకు మళ్ళీ రావడం మొదలుపెట్టారు, పల్లెల్లో మాత్రం రాలేదు. పల్లెల్లో జబ్బులు తగ్గాయని కాదుగా! రోగం ఉంది, రోగి ఇంట్లోనే ఉండిపోయాడు.

నిరుపేదలకు మినహాయింపు కాగితం మీద ఉండేది. అయితే ఎవరికైనా ఫీజు వదిలేస్తే ఆ డబ్బు ఆస్పత్రికి తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. ఇక ఏ ఆస్పత్రి మాత్రం ముందుకొచ్చి వదులుతుంది? ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. తర్వాతి నలభై ఏళ్ళ కథంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది.

1987లో ప్రపంచ బ్యాంకు, పేద దేశాల్లో వాడుకున్నవాళ్ళే వైద్యానికి ఫీజు కట్టాలని ఒక విధాన పత్రంలో గట్టిగా వాదించింది. అదే ఏడాది మాలీ రాజధాని బమాకోలో ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థలతో కూర్చుని ఇంకో దారి ఆలోచించారు. మందులు అమ్మగా వచ్చిన డబ్బు ఊళ్ళోనే ఉండాలి, దాంతో మళ్ళీ మందులు కొనాలి, పెత్తనం ఊరివాళ్ళది కావాలి. ఖాళీ అల్మరాలు చూసి విసిగిపోయినవాళ్ళకు ఇది న్యాయంగానే తోచి ఉంటుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సరిగా అనిపించదు. కానీ కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి మాత్రం రెండూ ఒకటే. ఇప్పుడే కట్టాలి.

1992లో ఘానాలో క్యాష్ అండ్ క్యారీ మొదలైంది. ఆస్పత్రులు ప్రభుత్వ స్టోర్ నుంచి నగదు ఇచ్చి మందులు తెచ్చుకోవాలి. తమ చేతిలో నగదు ఉండాలంటే రోగి చేతిలోంచే రావాలి. మందుల అల్మరాలు కొంత నిండిన మాట నిజమే. కానీ బిల్లు కట్టలేని రోగులను, కాన్పయిన తల్లులను కూడా, డబ్బు తెచ్చేదాకా వార్డులోనే ఆపేసే అలవాటూ పెరిగింది.

విశేషం ఏమిటంటే మరో దారి చూపిన ప్రయత్నం కూడా 1992లోనే మొదలైంది. అప్పటి బ్రాంగ్-అహాఫో ప్రాంతంలోని ఎన్‌కొరాంజాలో ఒక క్యాథలిక్ మిషన్ ఆస్పత్రి చుట్టుపక్కల జనాన్ని కూడగట్టి బీమా పెట్టింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఏడాదికోసారి తలా కొంత కట్టాలి, మంచాన పడి ఆస్పత్రిలో చేరితే ఖర్చు ఆ నిధిది. ఇలాంటి సంఘాలు మెల్లగా దేశమంతా పుట్టుకొచ్చాయి. డబ్బు కట్టే సమయాన్ని రోగం వచ్చిన రోజు నుంచి విడదీయడమే వీటిలోని అసలు కిటుకు.

2000 ఎన్నికల్లో ప్రతిపక్ష అభ్యర్థి జాన్ కుఫూర్ క్యాష్ అండ్ క్యారీని రద్దు చేస్తానన్నారు. గెలిచాక 2003లో జాతీయ ఆరోగ్య బీమా చట్టం తెచ్చారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ బీమా ప్రధానంగా ప్రీమియంల మీద నడవదు. వస్తువులు, సేవల మీద వేసే 2.5 శాతం సుంకమే దీనికి ఆయువుపట్టు. దాని తర్వాతి స్థానం ఉద్యోగుల సామాజిక భద్రతా నిధిలోంచి మళ్ళించే వాటాది. అదే ఘానాలో 1995లో వ్యాట్ పెట్టినప్పుడు జనం 'కుమే ప్రెకో' అంటూ వీధుల్లోకి వచ్చారు. ట్వి భాషలో దానర్థం 'ఒకేసారి చంపెయ్' అని. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ప్రభుత్వం ఆ పన్ను వెనక్కి తీసుకుని మూడేళ్ళ తర్వాత తక్కువ రేటుతో మళ్ళీ తెచ్చింది. అంతగా పన్నును ఎదిరించిన దేశం ఆస్పత్రి కోసం ఇంకో 2.5 శాతం భరించింది. కౌంటర్ దగ్గర పడ్డ బాధ ఎంతటిదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

18 ఏళ్ళలోపు పిల్లలకు, 70 దాటిన పెద్దలకు, నిరుపేదలకు ప్రీమియం లేదు. 2008 జులై నుంచి గర్భిణులకూ తీసేశారు. అంతకుముందు 2003లో నాలుగు ప్రాంతాల్లో, 2005లో దేశమంతా కాన్పు ఖర్చు మాఫీ చేశారు. నిధులు సరిగా అందక ఆ పథకం కుంటుపడి, ఆస్పత్రులు మళ్ళీ డబ్బు అడగడం మొదలుపెట్టాయి. మళ్ళీ అదే ముడి.

బీమాకూ అదే ముడి పడింది. కార్డు చూపించిన రోగికి ఆస్పత్రి ముందు వైద్యం చేస్తుంది, తర్వాత బిల్లు బీమా సంస్థకు పంపుతుంది. ఆ డబ్బు నెలల తరబడి రాకపోతే మందుల సరఫరాదారుకు ఆస్పత్రి ఏమిచ్చుకుంటుంది? అప్పుడు కిటికీ వెనక నుంచి 'ఆ మందు లేదమ్మా, బయట కొనుక్కోండి' అన్న మాట వస్తుంది, చేతిలోకి మళ్ళీ చీటీ వస్తుంది. కార్డుంది, కట్టాల్సిందీ ఉంది. ప్రజలు కొనే ప్రతి వస్తువు మీదా సుంకం వసూలవుతూనే ఉంటుంది, అది ఆర్థిక శాఖ నుంచి కదలడమే ఆలస్యం. పైగా 2017లో తెచ్చిన ఒక చట్టం, ఇలా ప్రత్యేకించిన నిధులన్నిటికీ కలిపి పన్ను ఆదాయంలో 25 శాతానికి మించకూడదని హద్దు గీసింది. ఆరోగ్యం పేరు చెప్పి వసూలు చేసిన సుంకంలో కొంత భాగం వేరే ఖర్చులకు పోయింది. నా దృష్టిలో ఇది జనానికిచ్చిన మాట తప్పడమే.

బీమా జాబితాలో లేని జబ్బుల సంగతి వేరు. కిడ్నీలు పాడైనవాళ్ళకు ఏళ్ళ తరబడి చేయించుకోవాల్సిన డయాలసిస్ 2023లో అందులో లేదు. ఆ ఏడాది రాజధాని అక్రాలోని కోర్లే బు బోధనాసుపత్రిలో ఒక్కో డయాలసిస్‌కు 380 సిడీలున్న (సిడీ ఘానా కరెన్సీ) రేటు 765కు పెరిగిందన్న వార్త దేశాన్ని కుదిపేసింది. వారానికి రెండు మూడుసార్లు యంత్రం మీద పడుకోవాల్సినవాళ్ళకు ఆ తేడా అంటే ఏమిటో ఊహించుకోవచ్చు.

ఈ నేపథ్యంలోనే 2025లో అధ్యక్షుడు జాన్ మహామా ప్రభుత్వం ఆ హద్దును ఆరోగ్య బీమా సుంకం మీద నుంచి తొలగించింది. దీర్ఘకాలిక జబ్బుల ఖరీదైన వైద్యం కోసం ఘానా మెడికల్ ట్రస్ట్ ఫండ్ పేరుతో ఇంకో నిధినీ ప్రారంభించింది. అదే ఏడాది అమెరికా ఆఫ్రికాకు ఇచ్చే ఆరోగ్య సాయంలో భారీగా కోత పెట్టింది. హెచ్ఐవీ, మలేరియా మందుల ఖర్చులో పెద్ద వాటా అలాంటి సాయం మీదే నడుస్తూ వచ్చిన దేశానికి ఇది గట్టి దెబ్బ. హద్దు తీసేయడంతో బీమాకు చేరే డబ్బు మీద ఈ అదనపు అవసరాల కళ్ళు కూడా ఇప్పటికే పడ్డాయి. జిల్లా ఆస్పత్రి మందుల కిటికీ దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డ తల్లికి మాత్రం తెలియాల్సింది ఒక్కటే: మందు చేతికొస్తుందా, చీటీ వస్తుందా అని.